నీట మునిగిన సామాను: కడగడంలో తొందర, ఆరబెట్టడంలో నిదానం

2024 ఆగస్టు 31న కురిసిన కుండపోతకు బుడమేరు గట్లు తెగాయి. మర్నాటికల్లా విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ ఇళ్లలో నడుం లోతు, కొన్నిచోట్ల అంతకుమించి నీరు నిలిచింది. గండ్లలో చివరిది పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది. నీరు తీశాక వీధి వీధికీ సామాను గుట్టలు లేచాయి: అడుగు ఉబ్బి పొరలు విచ్చుకున్న వార్డ్‌రోబులు, బురద పీల్చిన సోఫాలు, ఇద్దరు పట్టినా లేవని పరుపులు. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు ఒడ్డు కాలనీలదీ ఇదే కథ. అంతకుముందు 2009 అక్టోబరులో కర్నూలు, 2020 అక్టోబరులో హైదరాబాద్ పాతబస్తీ, 2022 జులైలో గోదావరి తీరం ఇదే చూశాయి. ప్రతిసారీ ఇంటి ముందు నిలబడ్డ మనిషిని వేధించే ప్రశ్న ఒక్కటే. వీటిని బాగు చేయించాలా, పారేయాలా?

సలహాలకు కొదవ ఉండదు. వడ్రంగి ‘రెండు రోజులు ఎండలో పడేయండి, పాలిష్ కొట్టేద్దాం’ అంటాడు. ఆరోగ్య సిబ్బంది ‘మురుగునీళ్లు తగిలినవి ఇంట్లో ఉంచొద్దు’ అంటారు. మ్యూజియంలలో పాత వస్తువులను కాపాడే నిపుణులు ‘ఎండ తగలనివ్వొద్దు, నెలల తరబడి ఆరనివ్వండి’ అంటారు. కొట్టువాడికి కొత్తది కొనడమే దారి. ఈ నలుగురిలో పూర్తిగా తప్పు చెప్పేవారు లేరు. ఒక్కొక్కరి మాట ఒక్కో రకం సామానుకు వర్తిస్తుంది. దేనికి ఎవరి మాట వినాలో తేల్చుకోలేకే నష్టపోతున్నాం. నిలబడగలిగిన టేకు బీరువాను ఎండలో పెట్టి చీల్చుకుంటున్నాం, ఎలాగూ నిలవని పార్టికల్ బోర్డు అల్మరా మీద కూలి ఖర్చు పెడుతున్నాం.

ఈ సలహాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సూత్రం తేలుతుంది. మునిగిన సామానుకు రెండు గడియారాలు ఉంటాయి. కడగడానికి గడువు గంటల్లో ఉంటుంది, ఆరడానికి పట్టే కాలం వారాల్లో, నెలల్లో ఉంటుంది. మన దగ్గర ఈ రెండూ తారుమారవుతున్నాయి.

చెక్కలో నీరు చేసే పని

చెక్క ఎండిపోయినట్టు కనిపించినా అందులో నీరు ఉంటుంది. కోస్తా ఇళ్లలో వాడుకలో ఉన్న చెక్కలో, దాని పొడి బరువులో 12 శాతం అటూ ఇటూగా తేమ ఉండటం మామూలే. మునిగినప్పుడు నీరు ముందు కణాల గోడల్లోకి చేరుతుంది, చెక్క ఉబ్బుతుంది. తేమ 28-30 శాతానికి చేరేసరికి గోడలు నిండిపోతాయి. ఆ తర్వాత ఎంత నీరు పట్టినా అది కణాల లోపలి ఖాళీల్లో నిలుస్తుంది, బరువు పెరుగుతుందే గాని ఉబ్బు పెరగదు. తిరిగి ఆరేటప్పుడు కూడా అంతే. ఆ 30 శాతం గీత దాటి కిందికి దిగాకే కుదింపు మొదలవుతుంది.

అందుకే సామాను పాడయ్యేది మునిగినప్పటికన్నా ఆరేటప్పుడే ఎక్కువ. పైపొర గబగబా ఆరి కుదించుకుపోతూ ఉంటే లోపలి చెక్క ఇంకా ఉబ్బే ఉంటుంది. ఆ లాగుడుకు పైపొర నెర్రెలిస్తుంది. పైగా చెక్క అన్ని దిక్కులా ఒకేలా కుదించుకోదు. నిలువునా దాదాపు కుదించుకోదనే చెప్పాలి. టేకు పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా వార్షిక వలయాల వెంబడి 5-6 శాతం, చెట్టు నడిబొడ్డు దిశగా 2-3 శాతం కుదించుకుంటుంది. ఈ తేడా వల్లే పలకలు వంకర తిరుగుతాయి. లెక్క వేస్తే, వలయాల వెంబడి కోసిన అడుగు వెడల్పు టేకు పలక 30 శాతం తేమ నుంచి 12 శాతానికి దిగేలోగా దాదాపు ఒక సెంటీమీటరు వెడల్పు తగ్గుతుంది. నాలుగు వైపులా ఫ్రేములో బిగించిన పలక ఆ సెంటీమీటరు ఎక్కడ కోల్పోవాలి? కదిలే వీలుంటే ఫ్రేము గాడిలో జారుతుంది. లేకపోతే నడిమికి చీలుతుంది.

ఇంకొకటి గమనించాలి. నీరు చెక్కకు అడ్డంగా కన్నా నిలువునా చాలా వేగంగా పాకుతుంది. అందుకే కుర్చీ కాలు, మంచం కోడు అడుగు నుంచి పీల్చుకుంటాయి. నీటి మట్టం మూడు అంగుళాలే అయినా కోడులో తేమ అంతకన్నా పైకి ఎక్కి ఉంటుంది. బయట ఆరినట్టు కనిపించి లోపల తడి మిగిలేది ముఖ్యంగా ఇక్కడే.

కుర్చీ అతుకులు వదులవడానికి కారణం కూడా ఉబ్బే. బెజ్జంలో బిగిసి కూర్చున్న కొస ఉబ్బడానికి చోటు లేక తనను తాను నలుపుకుంటుంది. ఆరాక పాత కొలతకన్నా సన్నబడుతుంది. వరద తర్వాత కుర్చీ కిర్రుమంటోందంటే బంక పోయిందనే అనుకుంటారు. చాలాసార్లు కొసే నలిగిపోయి ఉంటుంది. అక్కడ బంక ఒక్కటే పోస్తే నిలవదు, సన్నని చెక్క ముక్క దూర్చి బిగించాలి.

ముందు తేల్చుకోవాల్సింది: అది దేనితో చేసింది?

బాగు చేయడం సాధ్యమా కాదా అన్నది చాలామటుకు కొన్న రోజే నిర్ణయమై ఉంటుంది. ‘ఎన్ని రోజులు మునిగింది’ అన్న ప్రశ్నకన్నా ‘దేనితో చేశారు’ అన్నది పెద్ద ప్రశ్న.

చేవ ఉన్న టేకు, జిట్రేగి, వేగిసలతో బెజ్జాలు కొట్టి, సీలలు వేసి చేసిన పాతకాలపు మంచాలు, బెంచీలు, భోషాణాలు వారం మునిగినా చాలావరకు తిరిగి నిలబడతాయి. టేకు చేవలోని సహజ తైలాలు నీటిని మెల్లగా లోనికి రానిస్తాయి, బూజునూ చెదలనూ కొంత అడ్డుకుంటాయి. అదే టేకులో తెల్ల చెక్క కలిసి ఉంటే ఆ భాగానికి ఈ రక్షణ లేదు. కొత్త టేకు మంచాల్లో తెల్ల చెక్క పాలు ఎక్కువ, కనుక ‘టేకే కదా’ అని నిశ్చింతగా ఉండలేం. డైనింగ్ టేబుళ్లలో విరివిగా వచ్చే రబ్బరు చెక్కకు బూజు, పుచ్చు పురుగు తొందరగా పడతాయి. చిన్న ముక్కలను బంకతో అతికించిన పలకలైతే అతుకుల దగ్గర విచ్చుకుంటాయి.

ప్లైవుడ్‌లో తేడా కంటికి కనిపించదు. బీఐఎస్ ప్రమాణాల్లో ఐఎస్ 303 కింద ఎంఆర్ రకం, ఐఎస్ 710 కింద మెరైన్ రకం ఉన్నాయి. కార్పెంటర్లు ‘కమర్షియల్ ప్లై’ అనేది మొదటిదాన్ని, ‘710’ అనేది రెండోదాన్ని. ఎంఆర్ అంటే తేమను ఓర్చుకునేదే గాని నీటిలో నానినా నిలిచేది కాదు. అందులో వాడే యూరియా రెసిన్ బంక నీటికి విడిపోతుంది. 710 ప్లైలో ఫినాల్ రెసిన్ వాడతారు, దాని బంకను 72 గంటలు మరిగే నీటిలో ఉంచి పరీక్షిస్తారు. రోజుల తరబడి మునిగిన ఇంట్లో ఈ ఒక్క తేడాతో ఒక వార్డ్‌రోబు నిలుస్తుంది, పక్క గదిలోది పోతుంది. వేలితో తట్టి చూస్తే కొంత తెలుస్తుంది. డొల్ల చప్పుడు వచ్చినచోట పొరలు విడినట్టే.

పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ సంగతి వేరు. చెక్క పొట్టునో నారనో బంకతో కలిపి, వేడితో అదిమి పలకగా చేస్తారు. నీరు తగలగానే ఆ అదుము విడిపోతుంది, పొట్టు తన పాత పరిమాణానికి తిరిగి ఉబ్బుతుంది. ఆరినా వెనక్కి రాదు. స్క్రూలు పట్టవు. ఆన్‌లైన్‌లో కొని ఇంట్లో బిగించుకునే అల్మరాలు, టీవీ యూనిట్లు, కంప్యూటర్ బల్లలు చాలావరకు ఈ కోవలోవే. వీటిని బాగు చేయిస్తామనేవారిని నమ్మకండి. హ్యాండిళ్లు, కీళ్లు, ఛానెళ్లు విప్పి దాచుకుని మిగతాది వదిలేయడమే లాభం. నీరు అడుగు పలకను మాత్రమే తాకి ఉంటే, తడిసిన మేర కోసేసి కింద స్టీలు కాళ్లు వేయించుకోవచ్చు.

స్టీలు బీరువా పైకి గట్టిదే, బలహీనత అడుగున ఉంటుంది. అడుగు రేకు, మూలల మడతల్లో బురద నీరు నిలిచి లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. తలుపు తీసి పైపైన కడిగితే సరిపోదు. పక్కకు పడుకోబెట్టి మడతల్లోకి నీళ్లు కొట్టి, బాగా ఆరాక తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ పూయాలి. ప్లాస్టిక్, పేము, ఇనుప చువ్వల కుర్చీలు కడిగితే బాగుపడతాయి.

పరుపుల విషయంలో మాత్రం ఆరోగ్య సిబ్బంది మాటే తుది మాట. మురుగు కలిసిన వరద నీరు పీల్చిన ఫోమ్, దూది, కొబ్బరి పీచు పరుపులు ఎంత ఎండబెట్టినా లోపలి కల్మషం పోదు. దూది ఏకించి మళ్లీ కుట్టించుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు. వరద నీటి దూదికి ఆ అలవాటు వర్తించదు. సోఫాలోనూ అంతే, ఫోమ్, రెక్సిన్, జనపనార గుడ్డ తీసేయాలి. లోపలి చట్రం టేకైతే దాచుకోండి, నాటు చెక్కకు ప్లై ముక్కలు పిన్నులు కొట్టి చేసిందైతే ఆశ వదులుకోండి. ఈ లెక్కలో అన్నింటికన్నా తేలిగ్గా గట్టెక్కేది నవారు మంచం. పట్టెలు కడిగి ఆరబెట్టి, నవారు ఉతికి వేడినీళ్లలో ఉడికించి మళ్లీ అల్లుకోవచ్చు. నులక అయితే కొత్తది వేసుకోవాలి.

మొదటి గడియారం: కడగడం

తడి వస్తువు మీద 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. అందుకే అమెరికా పర్యావరణ సంస్థ మొదలు మ్యూజియం నిపుణుల దాకా ఈ గడువు దగ్గర అందరి మాటా ఒకటే. విజయవాడలోలా రోజుల తరబడి నీరు నిలిచినచోట ఈ గడువు నీరు ఉండగానే దాటిపోతుంది. అయినా నీరు తీసిన గంట నుంచి కొత్త లెక్క మొదలవుతుంది. మునిగి ఉన్న చెక్కకు గాలి అందదు. గాలి తగిలాకే బూజుకు ఊపు వస్తుంది.

ఇక్కడ మన దగ్గర జరిగే ఆలస్యానికి ఒక కారణం ఉంది. నష్టం రాసుకునేవాళ్లు వచ్చేదాకా సామాను ముట్టుకోకూడదని జనం భయపడతారు. ఫొటోలు, వీడియోలు తీసుకుంటే చాలు. నీటి గీత, వస్తువు, గది మూడూ ఒకే ఫ్రేములో కనబడేలా తీసి, వెంటనే కడగడం మొదలుపెట్టాలి.

కడిగే క్రమానికీ కారణాలున్నాయి. బురద ఎండకముందే కడగాలి. ఎండిన మట్టిని గుడ్డతో రుద్దితే అందులోని ఇసుక పాలిష్‌ను గీకేస్తుంది. పైపుతో జోరుగా కొట్టకూడదు, ఉబ్బిన వినీర్ పొర కింద నీళ్లు దూరి ఊడిపోతుంది. మగ్గుతో పోసి, మెత్తటి బ్రష్షుతో, సబ్బు నీళ్లతో పై నుంచి కిందికి కడిగి, చివర మంచినీళ్లతో తొలవాలి. ఉప్పెన నీళ్లయితే తొలవడం మరీ ముఖ్యం. చెక్కలో మిగిలిన ఉప్పు గాలిలో తేమను లాగుతూనే ఉంటుంది, మేకులను తుప్పు పట్టిస్తుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలాంటి వాటిలో తడిసిన సామానుకూ, బుడమేరు బురద పట్టిన సామానుకూ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

బిగుసుకున్న సొరుగును ముందు నుంచి గుంజకూడదు. గుంజితే ముందు పలక ఊడి చేతికి వస్తుంది. వెనక పలక విప్పి లోపలి నుంచి నెట్టాలి. విప్పగలిగిన తలుపులు, అరలు, సొరుగులు అన్నీ విప్పి, దేనిదేనికో చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోవాలి. వెనక పలక విప్పడం వల్ల ఆరబెట్టేటప్పుడు కూడా మేలు. మూడు వైపులా మైకా అంటించిన వార్డ్‌రోబుకు ఊపిరి తీసుకునే దారి అదొక్కటే.

బ్లీచింగ్ తగవు

వరద వచ్చిన ప్రతిచోటా బ్లీచింగ్ పౌడర్ పంచుతారు. నేల, గోడ పలకలు, ప్లాస్టిక్, గాజు వంటి పీల్చని వాటికి అది మంచిదే. లీటరు నీటికి చెంచాడు కలిపి తుడిచి, పది నిమిషాలాగి కడిగేస్తే చాలు. స్టీలు మీద వాడితే వెంటనే కడిగేయాలి, లేకపోతే అదే తుప్పు తెస్తుంది.

చెక్క మీద మాత్రం బ్లీచింగ్ చేసే మేలు తక్కువ. క్లోరిన్ పైపైనే పనిచేస్తుంది, దానితో వచ్చిన నీరు లోపలికి ఇంకుతుంది. పై బూజు తెల్లబడి పోయినట్టు కనిపిస్తుంది, లోపలి పోగులు బతికే ఉంటాయి. టేకు రంగు మచ్చలు పడుతుంది. సబ్బు నీళ్లతో కడగడం, తేమ 20 శాతం కిందికి దించడం, ఇవే బూజుకు అసలు మందు. చెక్కను తినే శిలీంధ్రాలు ఆ గీత కింద పెరగలేవు. అటకలు, అరల లోపలి భాగాల వంటి కనబడని చోట్ల బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం పూస్తే చెదలకూ బూజుకూ ఆపు ఉంటుంది. పిల్లల మంచానికి, తిండి పెట్టే అల్మరాకు మాత్రం అది వద్దు.

ఒక హెచ్చరిక: బ్లీచింగ్‌ను టాయిలెట్ క్లీనర్ వంటి యాసిడ్లతో గాని, అమోనియా ఉన్న ద్రావకాలతో గాని కలపకూడదు. వెలువడే వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఎండిన బూజును దులిపేవాళ్లు ఎన్95 మాస్కు లేకుండా ఆ పనికి దిగకూడదు.

రెండో గడియారం: ఎండా, నీడా

వడ్రంగికీ మ్యూజియం నిపుణుడికీ అసలు తగవు ఇక్కడే. ఎండ వాదన కొట్టిపారేయదగింది కాదు. ఇంట్లో జాగా ఉండదు, వాసన భరించలేం, మళ్లీ వాన వస్తుందేమోనని భయం. పాలిష్ లేని మంచం పట్టెలు, పీటలు, బల్లలు ఉదయపు ఎండలో ఆరినా పెద్దగా నష్టం లేదు. వెడల్పు పలకలు, పాలిష్ ఉన్నవి, వినీర్ అంటించినవి మాత్రం మధ్యాహ్నపు ఎండకు పైపొర ఆరిపోయి నెర్రెలిస్తాయి. హీటర్లు, హెయిర్ డ్రయర్లు చేసేదీ అదే.

నిదానపు వాదానికి బలమైన సాక్ష్యం ఇటలీలో ఉంది. 1966 నవంబరు 4న ఆర్నో నది ఫ్లోరెన్స్ నగరాన్ని ముంచినప్పుడు, జార్జియో వసారి 1546లో ఐదు పోప్లార్ చెక్క పలకల మీద చిత్రించిన ‘ది లాస్ట్ సప్పర్’ 12 గంటలకు పైగా నీటిలో ఉంది. నీటిలోంచి తీశాక రంగు ఊడకుండా కాగితం అతికించి, పలకలను ఆరనిచ్చారు. పలకలు కుదించుకుని పైన రంగు పొర ముడతలు పడింది. అప్పటి పరిజ్ఞానానికి అందనిదని దశాబ్దాలపాటు భద్రపరిచారు. చివరికి బాగుచేసి, సరిగ్గా యాభయ్యేళ్లకు, 2016 నవంబరులో శాంతా క్రోచే చర్చి సముదాయంలో తిరిగి నిలిపారు. మన మంచం చిత్రరాజం కాదు, యాభయ్యేళ్లు ఆగనక్కరలేదు. అయినా సరిగా పట్టి ఉంచిన చెక్క ఆగగలదని ఆ అనుభవం చెబుతుంది.

ఇంట్లో ఆచరణకు వస్తే ఇలా ఉంటుంది. సామానును ఇటుకల మీద ఎత్తి, గోడకు జానెడు ఎడంగా, నీడలో గాలి ఆడేచోట పెట్టాలి. ఫ్యాను గదిలో తిరగాలి గాని గాలి నేరుగా సామాను మీద కొట్టకూడదు. ఒకదాని మీద ఒకటి పేర్చే పలకల మధ్య ఒకే మందం పుల్లలు పెట్టి పైన బరువు వేయాలి, అవి వంకర తిరగవు. ఒకవైపే గాలి తగిలితే ఆ వైపు కుదించుకుని వంగుతుంది, కనుక రెండు వైపులా గాలి సమానంగా అందేలా చూడాలి. లేచిన వినీర్ కింద బురద కడిగి, మధ్యలో ప్లాస్టిక్ షీటు పెట్టి బరువుతో అదిమి ఉంచాలి. ఆరాకే బంక.

ఎప్పటికి ఆరినట్టు? పిన్నులు గుచ్చే తేమ మీటరు ఇప్పుడు దొరుకుతోంది. మేడ మీద మునగని చెక్క వస్తువును ముందు కొలిచి, దానికి మునిగినదాన్ని పోల్చడం మంచి పద్ధతి. మీటరు లేకపోతే ఒక సొరుగును వారం వారం తూకం వేయండి. వరుసగా రెండు మూడు వారాలు బరువు తగ్గకపోతే ఆరినట్టే.

ఇక్కడ మన వాతావరణం ఒక చిక్కు పెడుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోస్తాలో గాలిలో తేమ 80 శాతం చుట్టూ ఉంటుంది. ఆ గాలిలో చెక్క ఎంత కాలం ఉంచినా దాదాపు 16 శాతం దగ్గరే ఆగిపోతుంది. ఈశాన్య రుతుపవనాలు తగ్గి, డిసెంబరు చివర గాలి పొడిబారితేనే కిందికి దిగుతుంది. అంటే సెప్టెంబరులో మునిగిన సామానుకు దసరాకో దీపావళికో పాలిష్ కొట్టించడం తేమను లోపల పెట్టి తాళం వేయడమే. పండక్కి ఇల్లు బాగుండాలన్న ఆశ అర్థమవుతుంది. అయినా ఆ పండగ సంక్రాంతి కావాలి.

అతుకు, పాలిష్

పాత సామానులో సరేసు బంక ఉంటుంది, నీళ్లకు కరిగిపోతుంది. ఇది లోపమే గాని వరమూ. విడిన అతుకును కడిగి మళ్లీ బిగించుకోవచ్చు. ఫెవికాల్ వంటి తెల్ల బంక నీటికి మెత్తబడుతుంది, పూర్తిగా పోదు. ఆ పాత పొర గీకి తీయకపోతే కొత్త బంక పట్టదు. తిరిగి అతికేటప్పుడు నీటిని తట్టుకునే రకం బంక వాడటం మంచిది.

పాలిష్ మీద తెల్లని పొగలాంటి మచ్చ కనబడితే చాలామంది పాలిష్ మొత్తం గీకించేస్తారు. ముందు ఒక మూల స్పిరిట్‌లో అద్దిన గుడ్డ పెట్టి చూడండి. పొర మెత్తబడితే అది లక్కతో చేసిన పాత ఫ్రెంచ్ పాలిష్. స్పిరిట్ తడితో మెల్లగా రుద్దితే ఆ మచ్చ చాలావరకు సర్దుకుంటుంది. థిన్నర్‌కు మెత్తబడితే లాకర్. రెండింటికీ లొంగకపోతే మెలమైన్ గాని పీయూ గాని, అప్పుడే గీకడం తప్పదు. టేకులో మేకుల చుట్టూ నల్లగా పడే మచ్చలు ఇనుముకూ చెక్కలోని టానిన్‌కూ మధ్య జరిగే చర్య ఫలితం. వాటిని సాండ్ పేపర్‌తో గీకి లోతు చేయడంకన్నా ఆక్సాలిక్ యాసిడ్ పూసి కడగడం మేలు. అది విషం కనుక గ్లౌజులు తప్పనిసరి, పిల్లలకు అందనివ్వకూడదు.

డబ్బు లెక్క

బుడమేరు వరద తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మునిగిన ఇళ్లలో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్లకు 10,000 ప్రకటించింది. ఆ మొత్తం ఒక గది సామానుకు కూడా చాలదు. అందుకే ఉన్న డబ్బు దేనిమీద పెట్టాలన్న ప్రశ్న మరింత ముఖ్యం. కూలి ఖర్చు కొత్త వస్తువు ధరలో సగం దాటితే, అది చేవ ఉన్న చెక్క కాకపోతే, వదిలేయడమే నయమని నా అభిప్రాయం. చేవ ఉన్న చెక్కకు ఈ లెక్క వేయకూడదు. అలాంటి చెక్క ఇవాళ కొనబోతే దొరకడమే కష్టం.

బీమా గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లు తక్కువ. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ అమ్మాల్సిన ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో వరద నష్టం చేరి ఉంటుంది. ఇంటికి బీమా చేస్తే, ఇంటి విలువలో 20 శాతం దాకా, 10 లక్షల రూపాయల పరిమితితో, సామానుకు రక్షణ దానంతటదే వస్తుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. వరద ముప్పు ఉన్న కాలనీల్లో ఇంటి రుణంతో పాటే ఈ పాలసీ ఉందేమో చూసుకోవాలి. సర్వేయరు రాకముందే పారేయాల్సి వస్తే ఫొటోలు, బిల్లులు, పారేసిన వస్తువుల జాబితా దగ్గర ఉంచుకోవాలి.

వరద తర్వాత సెకండ్ హ్యాండ్ కొట్లలోకి కడిగి రంగేసిన సామాను కూడా చేరుతుంది. కొనేముందు సొరుగు తీసి వెనక మూలల్లో మట్టి గీత ఉందేమో, కింది కీళ్ల స్క్రూలు మాత్రమే తుప్పు పట్టాయేమో, అడుగు పలక అంచు మందంగా ఉందేమో చూడండి. ఇక పనికిరాని మైకా బోర్డులు, రెక్సిన్, ఫోమ్‌లను వీధిలో తగలబెట్టడం మానుకోవాలి. వాటి పొగ ప్రమాదకరం.

మళ్లీ కొనేటప్పుడు

ముంపు ప్రాంతంలో ఇల్లు ఉన్నవారు సామాను కొనే పద్ధతే మార్చుకోవాలి. గోడకు బిగించే పెద్ద వార్డ్‌రోబుకన్నా విప్పి పైకి మోసుకుపోగలిగిన చిన్న బీరువాలు మేలు. కింది భాగంలో అయినా 710 ప్లైగాని, నీరు పట్టని డబ్ల్యూపీసీ బోర్డుగాని వాడించి, ప్లై మీద ఐఎస్‌ఐ గుర్తు చూసుకోవాలి. ఇప్పుడు వంటింట్లో విరివిగా వాడే హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు చిందే నీటిని తట్టుకుంటుంది, మునగడాన్ని కాదు. నాలుగంగుళాల ప్లాస్టిక్ కాళ్ల మీద నిలిపిన కప్‌బోర్డుకు నేల తడి తగలదు. సోఫాకు గాదీలు విడిగా తీసేలా ఉండాలి.

ఇవన్నీ ఇంటివాళ్లు చేయగలిగినవి. మరికొన్ని వాళ్ల చేతిలో లేవు. నీరు తీసిన మొదటి రెండు రోజుల్లో వీధి చివర మంచినీళ్ల ట్యాంకరు, సబ్బు, బ్రష్షులు ఉండాలి. సామాను నీడలో ఆరబెట్టుకోవడానికి కల్యాణ మండపమో, బడి వరండానో, టార్పాలిన్ పందిరో కావాలి. వడ్రంగులు, పాలిష్ మేస్త్రీలు అప్పుడు గుంపుగా వచ్చి పాలిష్ కొట్టి వెళ్లడంకన్నా, సంక్రాంతి నాటికి వస్తే ఉపయోగం ఎక్కువ. పరిహారంలో కొంత భాగాన్ని ఆ బాగుచేతకు విడిగా, జనవరిలో ఇస్తే మంచిది. వరద సాయం ఇప్పుడు త్వరగా ముగిసిపోతోంది. తడిసిన చెక్క సంక్రాంతి దాకా ఆరుతూనే ఉంటుంది. సాయం కూడా అంత దాకా సాగాలి.